ఏ గాంధారం ఎప్పుడు: బ్లూస్, కంట్రీ గిటార్ సోలో తొలి పాఠాలు

బ్లూస్ గిటార్ సోలో నేర్చుకోవాలనుకునేవారి చేతికి మొదట అందేది దాదాపు ఎప్పుడూ మైనర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల స్కేలే. ‘ఏ’ (A) శ్రుతిలో అయితే ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) దగ్గర చూపుడువేలు ఉంచి, తీగకు రెండు స్వరాల చొప్పున ఆరు తీగల మీదా వాయించే ఆ అమరిక త్వరగానే వేళ్లకు పట్టుబడుతుంది. కర్ణాటక సంగీతంతో కొంత పరిచయం ఉన్నవారు అందులోని స్వరాలను వెంటనే పోల్చుకుంటారు: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం, అంటే శుద్ధధన్యాసి స్వరాలు. కంట్రీ సంగీతంలో విరివిగా వినిపించే మేజర్ పెంటటానిక్‌లో ఉన్నవి మోహన స్వరాలు. మోహనంలోని ధైవతాన్ని షడ్జమంగా తీసుకుంటే గ్రహభేదం వల్ల శుద్ధధన్యాసి వస్తుంది కనుక, గిటార్ మీద అదే అమరికను మూడు ఫ్రెట్లు వెనక్కి, రెండో ఫ్రెట్ దగ్గరికి జరిపితే ‘ఏ’ (A) శ్రుతిలో మోహనం సిద్ధంగా ఉంటుంది.

స్వరాలు ఇంత సులభంగా దొరికినా, వాటిని పైకీ కిందికీ వాయించినంత మాత్రాన అది సోలోగా వినిపించదు. చిన్నప్పుడు కొంతకాలం గాత్రం నేర్చుకున్న నాకు దీని కారణం అర్థం కావడానికి సమయం పట్టింది. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి ఆధారం కదలదు. స్వరం పైన ఎంత సంచరించినా కింద షడ్జమ పంచమాలు అలాగే మోగుతూ ఉంటాయి. బ్లూస్‌లో షడ్జమం మారకపోయినా దాని కింద కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మారుతుంది, కార్డ్ మారినప్పుడు క్షణం క్రితం హాయిగా నిలిచిన స్వరం పరాయిదవుతుంది. ప్రారంభ దశలో ఉన్నవారు గిటార్ మెడ పొడవునా ఈ స్కేల్‌కున్న ఐదు అమరికలనూ కంఠస్థం చేయడానికి వెచ్చించే శ్రమను ఈ ఒక్క మార్పును వినడానికి వెచ్చించాలని నా గట్టి అభిప్రాయం.

బ్లూస్‌లోని పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత) ఆవర్తాన్నే తీసుకుందాం. అందులో మొదటి నాలుగు బార్లు షడ్జమం మీద నిర్మించిన ఏ సెవెన్ (A7) కార్డ్, తరువాతి రెండు మధ్యమం మీది డి సెవెన్, మళ్లీ రెండు ఏ సెవెన్, తొమ్మిదో బార్ పంచమం మీది ఇ సెవెన్, పదోది డి సెవెన్, ఆ తరువాత ఏ సెవెన్‌కు తిరిగి రావడం, చివరి బార్‌లో తరచుగా ఇ సెవెన్ మీద ఆగి మళ్లీ మొదటికి వెళ్లడం మామూలు. ఏ సెవెన్‌లో ఉన్నది అంతర గాంధారం. డి సెవెన్‌లో ఉన్నది సాధారణ గాంధారం. గిటార్ మీద ఈ రెండూ మూడో తీగ (అన్నిటికన్నా సన్నని తీగ నుంచి లెక్కిస్తే) ఆరో ఫ్రెట్, ఐదో ఫ్రెట్ దగ్గర పక్కపక్కనే ఉంటాయి. నాలుగో బార్ చివర ఆరో ఫ్రెట్ మీద నిలిచి, ఐదో బార్ మొదలవుతుండగా ఐదో ఫ్రెట్‌కు దిగి చూడండి: వాయించింది రెండే స్వరాలైనా, కింద కార్డ్ మారిన సంగతి తోడు వాద్యం లేకుండానే వినిపిస్తుంది. అలాగే నాలుగో తీగ మీద ఐదో ఫ్రెట్‌లోని కైశికి నిషాదం నాలుగో ఫ్రెట్‌లోని చతుశ్రుతి ధైవతానికి దిగుతుంది, ఇ సెవెన్ రాగానే అదే తీగ ఆరో ఫ్రెట్‌లోని కాకలి నిషాదం అవసరమవుతుంది. ఇవన్నీ చెయ్యి కదపనవసరం లేనంత దగ్గరగా ఉన్నాయి. నేను ఇప్పటికీ సాధన మొదలుపెట్టేది నెమ్మదైన బ్యాకింగ్ ట్రాక్ మీద ఈ స్వరాలను మాత్రమే, కార్డ్ మారే చోట మాత్రమే వాయిస్తూ.

అయితే బ్లూస్‌కు ప్రాణమైన గాంధారం ఈ రెండు ఫ్రెట్లలో ఏదీ కాదు, వాటి మధ్య ఉన్నది. ఐదో ఫ్రెట్ దగ్గర తీగను చూపుడువేలితో కొద్దిగా కిందికి లాగితే, ఆరో ఫ్రెట్ స్థాయికి చేరకముందే ఒక స్వరం పలుకుతుంది, గమకం తెలిసిన చెవి దాన్ని పట్టుకోవడానికి కష్టపడదు. పూర్తి స్వరం, అంటే రెండు ఫ్రెట్ల ఎత్తు, పైకి వెళ్లే బెండ్‌కు (తీగను పక్కకు నెట్టి శ్రుతి పెంచడానికి) మరింత క్రమశిక్షణ కావాలి. మూడో తీగ ఏడో ఫ్రెట్‌లోని మధ్యమాన్ని ఉంగరపువేలితో, వెనుక ఉన్న రెండు వేళ్లనూ ఆసరాగా ఆనించి, పంచమం దాకా నెట్టాలి. రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో అదే పంచమం ఉంది కనుక ముందు దాన్ని వాయించి, విని, అప్పుడు నెట్టి సరిపోల్చుకోవచ్చు.

నెట్టిన స్వరాన్ని నిలిపి కదిలించడంలో బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ (1925–2015) వాదనానికి మించిన పాఠం నాకు కనిపించలేదు. ఆయన బంధువు బుకా వైట్ తీగల మీద స్లైడ్ (గొట్టం లాంటి సాధనం) జరిపి వాయించేవారు. ఆ పలుకును వట్టి వేళ్లతో తెచ్చే ప్రయత్నంలోంచే తన ఎడమచేతి కంపనం పుట్టిందని కింగ్ చెప్పుకున్నారు. ఆయన పాడుతున్నప్పుడు గిటార్ వాయించేవారు కాదు, పాట ఆగిన చోట గిటార్ బదులిచ్చేది. పన్నెండు బార్లలో నాలుగేసి బార్ల మూడు పంక్తులుంటాయి, ప్రతి పంక్తిలో గాత్రం సుమారు సగం తీసుకుని మిగిలిన సగాన్ని జవాబుకు వదులుతుంది. మొదటి రెండు బార్లు ఏదైనా మాటను గొంతుతో అని, తరువాతి రెండింటిలో మాత్రమే గిటార్ వాయించే సాధన వల్ల ఊపిరి తీసుకునే చోటు దానంతట అదే ఏర్పడుతుంది. లయలో కూడా మన అభ్యాసం తోడ్పడుతుంది: బ్లూస్‌లోని షఫుల్ అనే నడక తిస్ర గతి, ‘తకిట’లో మధ్య ‘కి’ని మౌనంగా ఉంచి మిగిలిన రెండింటినీ పలికించడం.

బ్లూస్‌నూ కంట్రీనీ ఒకేసారి నేర్చుకోవడం అయోమయానికి దారితీస్తుందని కొందరు హెచ్చరిస్తారు, కానీ నేను దానితో ఏకీభవించను. కంట్రీ సంగీత చరిత్రలో మైలురాయిగా చెప్పే 1927 నాటి అమెరికాలోని బ్రిస్టల్ రికార్డింగులలో తొలిసారి వినిపించిన గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ బ్లూస్ పాడినవారే, 1930లో ఆయన పక్కన ట్రంపెట్ వాయించినది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అదే బ్రిస్టల్‌లో రికార్డు చేసిన కార్టర్ కుటుంబంలోని మేబెల్ కార్టర్, నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్ దగ్గర వాదన పద్ధతులు నేర్చుకున్నారు. శ్వేతజాతీయుల సంగీతమనీ నల్లవారి సంగీతమనీ విడదీసి అమ్మినవి రికార్డు కంపెనీలు. వాయించేవారి చేతుల్లో ఆ గీత అంత గట్టిగా ఎప్పుడూ లేదు.

తేడా ప్రధానంగా గాంధారాన్ని పలికించే తీరులో ఉంది. బ్లూస్ దాన్ని మధ్యలో వేలాడనిస్తే, కంట్రీ సాధారణ గాంధారాన్ని తాకి వెంటనే అంతర గాంధారం మీద స్థిరపడుతుంది. రిషభం నుంచి ఆ రెండింటి మీదుగా వరుసగా జారే చిన్న పలుకు ఆ శైలిలో అడుగడుగునా వినిపిస్తుంది. అంతేకాక, కార్డ్ మారిన ప్రతిసారీ మోహనం కూడా దానితోపాటు కదులుతుంది: డి కార్డ్ మీద డి మోహనం, ఇ కార్డ్ మీద ఇ మోహనం. బ్లూస్‌లో ఆ కొద్ది స్వరాలతో నేర్చుకున్న వినికిడి ఇక్కడ పూర్తిగా పనికొస్తుంది.

కంట్రీ బెండ్‌కు మూలం పెడల్ స్టీల్ వాద్యం. అందులో పెడల్ నొక్కితే కొన్ని తీగల శ్రుతి మారుతుంది, తక్కినవి నిశ్చలంగా మోగుతాయి. గిటార్ మీద ఆ ధ్వని రావాలంటే మూడో తీగ నాలుగో ఫ్రెట్‌లోని రిషభాన్ని అంతర గాంధారం దాకా నెడుతూనే, ఒకటి, రెండు తీగలను ఐదో ఫ్రెట్ దగ్గర చెక్కుచెదరకుండా పట్టుకోవాలి. సన్నని తీగలు లేకుండా ఇది తొలి దశలో చాలా కష్టం. తేలిక తీగల సెట్లు అంగట్లో దొరకని రోజుల్లో గిటారిస్టు జేమ్స్ బర్టన్ బాంజో తీగలను గిటార్‌కు బిగించుకున్నది ఈ సౌలభ్యం కోసమే. కుడిచేతిలో బొటనవేలు, చూపుడువేలు పిక్‌ను పట్టుకుంటే, మధ్యవేలు, ఉంగరపువేలు పై తీగలను మీటుతాయి. వేగం గురించి తొందర వద్దు. కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ బృందంలో డాన్ రిచ్ వాయించిన సోలోలను సగం వేగంతో విని, ఒక్కొక్క కార్డ్ దగ్గర ఆయన ఏ స్వరం మీద దిగారో ముందు గొంతుతో పాడి, ఆ తరువాతే తీగ మీద వెతకడం నేను ప్రస్తుతం చేస్తున్న సాధన.