వేర్లు తెగిన చెట్టు, ఆర్బరిస్ట్ రిపోర్ట్: నా అనుభవం

పక్క స్థలంలో పైపులైన్ వేస్తూ కాంట్రాక్టర్ మనుషులు మా వైపుకి జరిగి తవ్వేశారు. మా నిద్రగన్నేరు మొదలుకి మూడు మీటర్ల దూరంలో, మీటరు లోతున కందకం. ఆ వైపు అడ్డొచ్చిన వేర్లన్నీ తెగిపోయాయి. మెషిన్ బకెట్ రాసుకుని కాండం మీద బెరడు పెద్ద పట్టీలా ఊడొచ్చింది.

ఆ వారమంతా సలహాలకి లోటు లేదు. చెట్లు కొట్టే అతను వచ్చి చూసి, "ఇది ఎప్పుడైనా పడిపోద్ది, కొట్టించేయండి" అన్నాడు. ఇంకొకరు గాయానికి తారు పూయమన్నారు. వేర్లు పోయినన్ని కొమ్మలు కూడా నరికేస్తే లెక్క సరిపోతుందని మరొకరి సిద్ధాంతం. కాంట్రాక్టర్ మాత్రం, "ఆకులు పచ్చగానే ఉన్నాయి కదండీ, చెట్టుకేమైంది?" అని చేతులు దులుపుకున్నాడు. పెద్ద చెట్టు ఇంటి మీదికి వాలితే ఏంటన్న టెన్షన్ ఒకపక్క, ఊరికే కొట్టించేస్తున్నామేమో అన్న బాధ ఇంకోపక్క.

ఆర్బరిస్ట్‌ని, అంటే చెట్లని పరీక్షించి సలహా చెప్పే నిపుణుణ్ని, వెతికేటప్పుడు ఒక షరతు పెట్టుకున్నాను: చెట్టు కొట్టే పని తీసుకోనివారై ఉండాలి, రిపోర్ట్ ఇచ్చి వెళ్లిపోవాలి. కొట్టే కూలి ఎవరికి వస్తుందో వాళ్లే కొట్టాలో వద్దో తేల్చడం నాకు నచ్చలేదు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ ఈ వృత్తివాళ్లకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది, దాన్ని మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ప్రమాదం అంచనా వేయడానికి విడిగా మరో అర్హత ఉంది. మాకు దొరికినాయనకి రెండూ ఉన్నాయి.

ఆయన వచ్చీ రాగానే చెట్టు దగ్గరికి వెళ్లలేదు. దూరంగా నిలబడి బైనాక్యులర్స్‌తో కొమ్మల చివర్లు చూశారు. తర్వాత చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగి, కందకానికి ఎదురు వైపు నేల మీద ఏమైనా పగుళ్లున్నాయా, మట్టి పైకి లేచిందా అని కాలితో నొక్కుతూ వెతికారు. అవి కనిపిస్తే చెట్టు అప్పటికే కదలడం మొదలుపెట్టిందని లెక్కట. లేవు. నైలాన్ సుత్తితో కాండాన్ని చుట్టూ కొట్టుకుంటూ వచ్చారు. అంతటా గట్టిగా ఖంగుమన్నది, ఒక పాత కొమ్మ విరిగిన చోట మాత్రం డప్పులా మోగింది. అక్కడ సన్నటి కడ్డీ దూర్చి, "ఇది ఈ తవ్వకం వల్ల వచ్చింది కాదు, ఎప్పటిదో" అని రాసుకున్నారు. ఆ మాట రిపోర్ట్‌లో రావడం నాకు అప్పుడు ఇష్టం లేదు.

ఆయన చేసిన మేలల్లా మా గందరగోళాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టడమే. చెట్టు బతుకుతుందా? నిలబడుతుందా? విలువ ఎంత తగ్గింది? ఈ మూడింటికీ జవాబులు వేరువేరుగా వస్తాయనీ, ఒకదాని జవాబు ఇంకోదానికి అంటించకూడదనీ అన్నారు. పచ్చగా ఉన్న చెట్టు కూడా కూలొచ్చు, ఎందుకంటే మిగిలిన కాసిని వేర్లు ఆకులకి నీళ్లందిస్తాయేమో గానీ గాలికి ఆ బరువుని మోయలేకపోవచ్చు. అలాగే గట్టిగా నిలబడ్డ చెట్టు కొన్నేళ్లపాటు కొద్దికొద్దిగా ఎండుతూ పోవచ్చు.

నిలకడ సంగతి కొలతలతో తేల్చారు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున కాండం చుట్టూ టేపు పెడితే 251 సెంటీమీటర్లు వచ్చింది, అంటే వ్యాసం దాదాపు 80. వ్యాసానికి పన్నెండు రెట్లు, మా చెట్టుకైతే 9.6 మీటర్ల వరకు, వేర్ల జోలికి పోకూడని ప్రాంతం. వేర్లు లోతుగా దిగుతాయని మనం అనుకుంటాం గానీ, ఎక్కువ భాగం పై 60 సెంటీమీటర్లలోనే పక్కలకి పరుచుకుని ఉంటాయి. అందుకే మీటరు లోతు కందకం ఆ వైపు దాదాపు ఏదీ మిగల్చలేదు. కానీ వ్యాసానికి మూడు రెట్ల లోపల, అంటే 2.4 మీటర్ల లోపల తెగి ఉంటే కథ వేరే ఉండేది. కందకం మూడు మీటర్ల దగ్గర ఆగింది, అదీ ఒక్క వైపే. కాబట్టి కొట్టేయాల్సినంత ప్రమాదం లేదు, ఏటా పరీక్ష చేయించాలి అని రాశారు. చెట్టు పడితే ఏమవుతుందన్నది ఎవరి మీద, దేని మీద పడుతుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. అందుకని చెట్టు పడగల వైపు ఉన్న కూర్చునే బల్ల తీయించేశారు.

బెరడు ఊడిన గాయం 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు. ఆయన పొడవుని పెద్దగా పట్టించుకోలేదు. నీళ్లు, ఆహారం కాండంలో నిలువునా ప్రయాణిస్తాయి కాబట్టి చుట్టుకొలతలో ఎంత భాగం పోయిందన్నదే ముఖ్యం. మాది ఆరో వంతు లోపే. పావు వంతు దాటకపోతే చెట్టు సాధారణంగా తట్టుకుంటుందన్నారు. పదునైన కత్తితో వదులైన బెరడు అంచులు మాత్రం శుభ్రంగా కోశారు, బాగున్న బెరడుని అంగుళం కూడా ముట్టుకోలేదు. వెంటనే, ఇంకా పచ్చిగా ఉండగా అయితే ఊడిన ముక్కని తిరిగి అతికించి తడిగా కప్పి ఉంచొచ్చట, మాది అప్పటికే ఎండిపోయింది.

తారు సంగతి అడిగితే అలెక్స్ షైగో గురించి చెప్పారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన ఆయన వేల చెట్లని కోయించి, లోపల కుళ్లు ఎలా పాకుతుందో చూశారు. చెట్టు మన చర్మంలా గాయాన్ని మాన్పుకోదు, దెబ్బతిన్న భాగాన్ని చుట్టూ గోడలు కట్టి వేరుచేసి, దాని బయట కొత్త చెక్క పెంచుకుంటుంది. ఈ విషయం 1977లో పుస్తకంగా వచ్చింది. పై పూత కుళ్లుని ఆపదు, లోపలి తేమని పట్టి ఉంచి మేలు కన్నా కీడే చేయొచ్చు. అంత కాలం కిందటే తేలిన సంగతి, ఇప్పటికీ తారు డబ్బా పట్టుకుని వచ్చేవాళ్లున్నారు!

కొమ్మలు నరికే సిద్ధాంతానికి ఆయన గట్టిగా అడ్డు చెప్పారు. కొత్త వేర్లు పుట్టాలంటే ఆకులు చేసే ఆహారమే దిక్కు, ఆకులు తీసేస్తే చెట్టుకి రెండు వైపులా దెబ్బ. ఎండు కొమ్మలు తీయించి, ఇంటి మీదికి చాచిన ఒక పొడవాటి కొమ్మ చివరి బరువు మాత్రం తగ్గించమన్నారు. చీలికలైన వేర్లని రంపంతో నున్నగా కోయించి కందకం త్వరగా పూడ్పించారు. ఆ తర్వాత చేయాల్సింది పెద్దగా లేదు: వాన లేనప్పుడు లోతుగా నీళ్లు, మొదలుకి తగలకుండా 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన ఎండాకులు, చెక్కపొట్టు. ఎరువు వద్దు.

ఇక విలువ. తోటలో ఉన్నన్నాళ్లు దాని రేటెంతో మనం ఆలోచించం, నష్టపరిహారం అడగాలంటే అంకె కావాలి. ఈ వృత్తిలో వాడే ఒక పద్ధతి కాండం అడ్డకోత వైశాల్యం మీద నడుస్తుంది. నర్సరీలో దొరికే 10 సెంటీమీటర్ల మందం చెట్టుతో పోలిస్తే 80 సెంటీమీటర్ల చెట్టు వైశాల్యం ఎనిమిది రెట్లు కాదు, 64 రెట్లు. ఆ చిన్న చెట్టు ధరని అన్ని రెట్లు చేసి, అక్కడి నుంచి ఆ విలువని తగ్గించుకుంటూ వస్తారు: ఆరోగ్యం ఎలా ఉంది, నిర్మాణంలో లోపాలున్నాయా, ఆకారం ఎలా ఉంది, ఆ చోటికి ఆ చెట్టు తగినదేనా, మన చేతిలో లేని అడ్డంకులేమైనా ఉన్నాయా. ఇదే లెక్క తవ్వకానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వేసి, తేడాని నష్టంగా చూపిస్తారు. ముందు స్థితికి నా పాత ఫొటోలు పనికొచ్చాయి. కందకంలో టేపు పెట్టి తీసిన ఫొటోలు, దాచిన వేరు ముక్కలు ఇంకా బాగా పనికొచ్చాయి. పూడ్చేశాక ఏం తెగిందో ఎవరూ చూపించలేరు కదా.

కాంట్రాక్టర్ బీమా తరఫున వచ్చిన మనిషి, చెట్టు బతికే ఉంది కాబట్టి నష్టం సున్నా అని మొదలుపెట్టాడు. తర్వాత మా లెక్కలో తప్పులు వెతికాడు. డప్పులా మోగిన పాత తొర్ర సంగతి ఎత్తగానే, అది రిపోర్ట్‌లో రాసే ఉందనీ, దానికి ముందు విలువలోనే కోత పడిందనీ చూపించాం. నాకు ఇష్టం లేని ఆ వాక్యమే అక్కడ మా మాటకి బలం అయింది. చివరికి చెట్టు సంరక్షణ ఖర్చు మొత్తం, విలువ తేడాలో కొంత ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

సంతకం పెట్టే కాగితంలో "పూర్తి, తుది పరిష్కారం" అని ఉంది. ఆర్బరిస్ట్ దాని కింద వేలు పెట్టి చూపించారు. వేర్లు పోయిన చెట్టు ఎండటం కొన్నేళ్ల తర్వాత కూడా మొదలవుతుంది, ఇప్పుడు ఇలా సంతకం పెడితే అప్పుడు అడిగేందుకు ఏమీ ఉండదు. ఆ మాట కొట్టేయించి, ఈ తవ్వకం వల్ల చెట్టు చస్తే తొలగించే ఖర్చు, మిగతా విలువ వాళ్లదే అని రాయించాను. ఐదేళ్ల గడువు పెట్టి సంతకం చేశారు.