500 మి.మీ. దగ్గర మసక: పార్కులో చలికాలపు పిట్టలు, నా అనుభవం

నిన్న పొద్దున 7:50కి రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న వలస పిట్ట ఫొటో ఒకటి మసక లేకుండా స్పష్టంగా పడింది. దీనికి ఆరు వారాలు పట్టింది. అందులో నాలుగు వారాలు తప్పెక్కడుందో తెలియకే పోయాయి. ఇంకొకరికి అలా కాకూడదని మరిచిపోకముందే రాస్తున్నా.

గేటు సంగతి ఒక్క ముక్కలో చెప్తా. మన హైదరాబాద్ పార్కుల్లో చాలాచోట్ల టికెట్టు వేరు, కెమెరా రుసుము వేరు. రసీదు జేబులో ఉంచుకోండి, లోపల మళ్లీ అడుగుతారు. ట్రైపాడ్ జోలికి పోవద్దు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చాలు. బట్టలు ఖాకీవో ముదురు ఆకుపచ్చవో అయితే మంచిది.

నా దగ్గరున్నది నికాన్ డీ500 కెమెరా, దానికి 200-500 మి.మీ. జూమ్ లెన్సు. రెండూ కలిపి మూడు కిలోలు దాటతాయి. ఆ బాడీ సెన్సరు చిన్నది కాబట్టి 500 కాస్తా 750 లెక్కన పనిచేస్తుంది. అంటే చెయ్యి వణుకు కూడా అంత పెద్దదై కనిపిస్తుంది.

నవంబరు చివర్లో మొదలుపెట్టా. మొదటి రోజు నుంచీ ఫొటోలన్నీ మసకే. పూర్తిగా చెదిరిపోయినట్టూ కాదు, కన్ను మీద ఫోకస్ పడ్డట్టే ఉంటుంది, పెద్దది చేసి చూస్తే మాత్రం ఈకకీ ఈకకీ మధ్య గీత ఉండదు. ముందు షట్టరు స్పీడు అనుకున్నా. చెట్ల నీడలో 1/320 సెకను పెట్టేవాణ్ణి, 1/1000కి పెంచి, తగ్గిన వెలుతురుకి బదులుగా ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 6400 దాకా వదిలా. గ్రెయిన్ పెరిగింది, మసక పోలేదు. తర్వాత గాలి మీద అనుమానం. చలికాలంలో తొమ్మిదిన్నర దాటితే మన బండరాళ్లు వేడెక్కుతాయి, పైన గాలి ఇంకా చల్లగా ఉంటుంది. ఆ రెంటి మధ్య గాలి అల్లల్లాడి దూరపు పిట్ట నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. చెరువు గట్ల మీద తెల్లారగట్ల కూడా ఇదే గొడవ, అక్కడ వెచ్చగా ఉండేది నీళ్లు. అది నిజమైన ఇబ్బందే, ఏ లెన్సూ దాన్ని సరిచేయలేదు, దగ్గరికి వెళ్లడమొక్కటే దారి. కానీ నాకు 15 అడుగుల దూరంలో కూచున్న బుల్బుల్ కూడా మసకే వచ్చింది.

అప్పుడు ఒక రిపేరు షాపులో ఇచ్చా. ఫోకస్ ముందుకు జరిగిందన్నారు, సరిచేశామన్నారు, తొమ్మిది రోజులు ఉంచుకుని డబ్బు తీసుకున్నారు. తేడా ఏమీ లేదు. ఇప్పటికీ ఒళ్లు మండే విషయం ఏంటంటే, లెన్సు ముందున్న యూవీ ఫిల్టరు తీసి చూడాలని అక్కడ ఒక్కరికీ తట్టలేదు. "ఇంత ఖరీదైన లెన్సుకి రక్షణ లేకపోతే ఎట్లా సార్" అని వేరే కొట్టులో నాకు అంటగట్టిన 95 మి.మీ. చవక ఫిల్టరు అది.

ఆధారం ముందునుంచీ నా ఫొటోల్లోనే ఉంది. 200 దగ్గర తీసినవి బాగానే ఉన్నాయి, 500 దగ్గర తీసినవే చెడ్డాయి. ఇంట్లో పరీక్ష పెట్టా. దినపత్రికలో చిన్న ప్రకటనల పేజీ ప్రహరీ గోడకి అతికించి, 20 అడుగుల దూరంలో ట్రైపాడ్ మీద కెమెరా బిగించి, వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపేసి, రెండు సెకన్ల టైమరుతో లైవ్ వ్యూలో ఫిల్టరుతో పది, ఫిల్టరు లేకుండా పది తీశా. ఫిల్టరుతో తీసిన ప్రతి అక్షరానికీ పక్కన నీడలా ఇంకో అంచు. తీసేశాక ఫోన్ నంబర్లలో 3కీ 8కీ తేడా స్పష్టం. అద్దం పూర్తిగా చదునుగా లేకపోతే అదే ఒక బలహీనమైన లెన్సులా పనిచేస్తుంది. 18-55 లాంటి మామూలు చిన్న లెన్సు మీద ఆ లోపం కంటికి ఆనదు, 500 దగ్గర ఆ తప్పు కూడా పిట్టతో పాటే పెద్దదవుతుంది. రక్షణకి హుడ్ (లెన్సు ముందు తగిలించే గొట్టం) చాలు. కొత్త లెన్సు కొన్నరోజే ఈ పత్రిక పరీక్ష చేయండి, పది నిమిషాల పని.

ఇక ఫ్లైక్యాచర్. పిచ్చుక కన్నా చిన్నది. శరదృతువులో వచ్చి వేసవి ముదిరేలోపు వెళ్లిపోతుంది. కనబడేకంటే ముందు వినబడుతుంది, ట్ర్‌ర్‌ర్ అని చిన్న గిలక తిప్పినట్టు. నీడలో, కింది కొమ్మల మీద కూచుని తోక పైకెత్తుతుంది, అప్పుడు తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు మెరుస్తుంది. పురుగు కోసం దూకి తరచూ అదే కొమ్మకి తిరిగొస్తుంది. కాబట్టి వెంటపడకండి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని ఆ కొమ్మకి ఎదురుగా నేల మీద కూర్చోండి, లెన్సు పిట్ట కంటి ఎత్తుకి రావాలి. డిసెంబరు, జనవరిల్లో తెల్లారేదే ఆరున్నర దాటాక, చెట్ల కింద పనికొచ్చే వెలుతురు ఏడుంబావుకి గానీ రాదు. నా సెట్టింగులు: ఎఫ్ 5.6, 1/400, ఆటో ఐఎస్ఓ, వీఆర్ ఆన్, ఒకే ఫోకస్ పాయింటు, ఆగకుండా ఐదారు ఫొటోల బరస్ట్. కదలని క్షణం ఒక్కటి దొరికితే చాలు. తెల్లకొంగకైతే ఎక్స్‌పోజరు 0.7 తగ్గించండి, నల్లటి ఏట్రింతకి అంతే పెంచండి.

ఫోనులో కూత వినిపించి పిలిచేవాళ్లు రోజూ కనబడుతున్నారు. దయచేసి మానేయండి. తూర్పు ఐరోపా, పశ్చిమ సైబీరియా వైపు నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన గుప్పెడంత ప్రాణం అది. మీ కూత విని తిండి వదిలేసి, నా చోటులోకి ఎవరొచ్చారా అని కొమ్మ కొమ్మా తిరుగుతుంది. చెట్టు తొర్రలో పగలు పడుకునే పగిడికంటె (చిన్న గుడ్లగూబ) మీద ఫ్లాషు కొట్టడం కూడా ఇలాంటి పాపమే.

నిన్నటి ఫొటో ఐఎస్ఓ 2500. గొంతు మీద నారింజ మరక, అంటే మగది. కంటి చుట్టూ సన్నటి తెల్ల వలయం, ముక్కు మొదట్లో మీసాల్లాంటి వెంట్రుకలు, ముక్కు కొసన ఒక చిన్న పురుగు కాలు. కాలు మీది కీలు కూడా కనిపిస్తోంది.