రీసైక్లింగ్ కేంద్రంలో పిల్లలు ముందుగా చూడాల్సిన కుప్ప

రీసైక్లింగ్ కేంద్రానికి వెళ్లిన పిల్లల చూపంతా అట్టపెట్టెల్ని నొక్కి బేళ్లు కట్టే యంత్రం మీదే ఉంటుంది. అసలు పాఠం మాత్రం, పనికిరాదని ఏరి పక్కకు తోసేసిన కుప్ప దగ్గర ఉంటుంది. టీచర్లు మొదట అక్కడికే తీసుకెళ్లడం మంచిది.

ఆ కుప్పలో ఉన్నవాటికి ఒక్కోదానికి ఒక్కో కారణం. అట్ట నూనె పీల్చిందంటే, గుజ్జు చేసినా ఆ జిడ్డు నారను వదలదు. తయారైన కాగితం మీద మరకలు తేలతాయి. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుపోయి ఉంటాయి, వాటిని విడదీయడం కష్టం. పలుచని కవర్లు జల్లెడల ఇరుసులకు చుట్టుకుంటే యంత్రం ఆపి, మనిషి లోపలికి దిగి కత్తితో కోసి తీయాలి. అన్నిటికన్నా ప్రమాదం లిథియం బ్యాటరీ: నలిగిందంటే మంటే.

ఇనుమును అయస్కాంతం లాగేస్తుంది. అల్యూమినియం దానికి అంటుకోదు కాబట్టి, చెత్తను మోసుకెళ్లే బెల్టు చివర వేగంగా తిరిగే అయస్కాంతాల రోటర్ పెడతారు. అది అల్యూమినియం డబ్బాలో విద్యుత్తు పుట్టించి దాన్ని ఎగరగొడుతుంది. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు! ఇది అన్ని కేంద్రాల్లో ఉండదు, ముందే కనుక్కోండి. బెల్టు నడిచే వేళ కూడా అడగండి. ఆగిన బెల్టు ముందు నిలబెట్టి ఎంత చెప్పినా దండగే.

యంత్రాల హోరులో మాట వినపడదు, అందుకే గుంపుకు పదిమందికి మించొద్దు. కాళ్లకు బూట్లు ఉండాలి, దేన్నీ ముట్టుకోకూడదు. చెత్తలో సూదులు కూడా వస్తాయి.

వెళ్లే ముందు రోజు బడి చెత్తబుట్టల్ని టార్పాలిన్ మీద బోర్లించి, గ్లవ్స్ వేయించి, తడి, కాగితం, ప్లాస్టిక్, లోహం విడివిడిగా తూకం వేయించండి. మిగిలినదాన్నీ తూచడం మర్చిపోవద్దు, ఎక్కువ ప్రశ్నలు దాన్నుంచే వస్తాయి.

తిరిగొచ్చాక నీళ్ల సీసాను, దాని మూతను చిన్న ముక్కలుగా పెద్దవాళ్లే కత్తిరించి నీళ్లలో వేయాలి. సీసా పెట్ ప్లాస్టిక్, సాంద్రత దాదాపు 1.38 (నీటిది 1), మునుగుతుంది. మూత పాలీఇథిలీన్ లేదా పాలీప్రొపిలీన్, రెండూ 1 కన్నా తక్కువ, తేలుతుంది. కర్మాగారాల్లోనూ తొట్టిలో ఇలాగే వేరుచేస్తారు. సీసా ముక్కలు కూడా తేలుతున్నాయంటే వాటికి గాలి బుడగలు పట్టాయన్నమాట. సబ్బు నీరు చుక్క వేసి వేలితో అదమండి. లేబుల్ ముందే పీకేయండి. అది పీవీసీదైతే సీసాతో పాటే మునుగుతుంది, కర్మాగారాల్లోనూ తలనొప్పి అదే.