అలుగు అల్లాను, రెండుసార్లు

బొమ్మ అల్లిపెడతానంటే మావాడు ఏనుగు వద్దన్నాడు, కుందేలూ వద్దన్నాడు. పుస్తకంలో చూసిన అలుగే కావాలట. అమ్మమ్మకి ఫోన్ చేసి చెబితే, "చెరువు అలుగు అల్లడమేమిటే?" అంది. నర్సాపురం దగ్గర లేసు అల్లిన చెయ్యి ఆవిడది. నాకు క్రోషా, అంటే కొక్కెం సూదితో దారం అల్లడం, నేర్పిందీ ఆవిడే. ఒళ్లంతా పొలుసులుండి, చీమల్నీ చెదల్నీ తినే జంతువని, మన నల్లమలలోనూ ఉంటుందని చెప్పాల్సొచ్చింది.

ఏ బొమ్మైనా ముక్కు దగ్గర మొదలుపెట్టడం నాకలవాటు. ఇక్కడ అదే కొంప ముంచింది. పొలుసులకి క్రోకడైల్ స్టిచ్ వేశాను. పక్కపక్కన రెండు డబుల్ క్రోషాలు (పొడుగు కుట్లు) నిలబెట్టి, ఒకదాని కాడ వెంట కిందికి ఐదు కుట్లు, ఒక చైన్ (గొలుసు కుట్టు), రెండోదాని కాడ వెంట పైకి ఐదు కుట్లు వేస్తే ఒక పొలుసు. రెండు రాత్రులు కూర్చుని నడివీపు దాకా వచ్చి చూస్తే, మొనలన్నీ ముక్కువైపు తిరిగి ఉన్నాయి! అలుగుకి అవి పెంకుటింటి పెంకుల్లా తోకవైపు వాలాలి. ఈ కుట్టులో మొన ఎప్పుడూ మొదలుపెట్టిన వైపుకే వాలుతుంది. ఏడుపొక్కటే తక్కువ. అంతా విప్పి ఉండ చుట్టేసి, తోక కొస నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి ఊలు కూడా మార్చాను. మెత్తటి ఊలుతో పొలుసులు చెవుల్లా వేలాడాయి. "నూలుదారం తీసుకుని బిగించి అల్లు" అంది అమ్మమ్మ. పొలుసులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటుంటే మనసు అదోలా అయింది. నిజం అలుగు పొలుసులు మన గోళ్లలాగే కెరాటిన్ అనే పదార్థం. మందుకి పనికొస్తాయని వాటికోసమే చంపేస్తున్నారు, 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులితో పాటు ఎక్కువ రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1లో ఉన్నా సరే.

ముఖం, పొట్ట మీద పొలుసులుండవు కాబట్టి ఆ ముక్కలు తేలిగ్గానే అయ్యాయి. పళ్లు కూడా ఉండవు, ఆ పనీ తప్పింది. గులాబీ దారంతో పొడుగాటి నాలుక మాత్రం పెట్టాను.

తీరా దూది కుక్కాక కర్రలా బిగుసుకుంది. బెదిరితే ఉండలా చుట్టుకోనిది అలుగెలా అవుతుంది? కుట్లు విప్పి సగం దూది తీసేశాను. పొట్ట ముక్కని రెండంగుళాలు తగ్గించి కుట్టేసరికి దానంతటదే వంగింది.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మమ్మ, "అలిగిందా ఏంటి, అలా ముడుచుకుంది?" అంది.

"అలగలేదు తాతమ్మా, పడుకుంది. గట్టిగా మాట్లాడకు" అన్నాడు వాడు.