ఉద్యోగం చేస్తూ కంప్యుటేషనల్ మ్యాథమెటిక్స్‌లో మాస్టర్స్: నా అనుభవం

గణితమంటే ఇష్టమే కానీ పీహెచ్‌డీ చేసే ఉద్దేశం నాకెప్పుడూ లేదు. అందుకే ప్రొఫెషనల్ మాస్టర్స్‌లో చేరాను. నేను చేరిన కోర్సులో థీసిస్ ఉండదు. క్లాసులు పూర్తయ్యాక, పరిశ్రమ నుంచి వచ్చిన సమస్య మీద ఒక ప్రాజెక్టు చేయాలి. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం థీసిస్ ఉన్న కోర్సే మేలని నా అభిప్రాయం.

అప్లికేషన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ప్రాబబిలిటీ, కాస్త కోడింగ్ వస్తే చాలు.

అసలు చదువు న్యూమరికల్ లీనియర్ ఆల్జీబ్రాతో, అంటే సమీకరణాల వ్యవస్థలను కంప్యూటర్‌తో సాల్వ్ చేసే పద్ధతులతో, మొదలైంది. ఒక అసైన్‌మెంట్‌లో 12×12 హిల్బర్ట్ మ్యాట్రిక్స్ (1, 1/2, 1/3 లాంటి భిన్నాలతో నిండిన పట్టిక) ఇచ్చి, దాంతో ఏర్పడే సమీకరణాలను సాల్వ్ చేయమన్నారు. జవాబులన్నీ 1 రావాలి, కుడివైపు వెక్టర్‌ను అలాగే కట్టారు. సాల్వ్ చేస్తే మొదటి కొన్ని 1 దగ్గరే ఉన్నాయి, మధ్యలోవి ఎటో పోయాయి. కోడ్‌లో తప్పుందేమోనని, వచ్చిన జవాబును మళ్లీ మ్యాట్రిక్స్‌తో గుణించి చూశాను. కుడివైపు వెక్టర్‌తో చక్కగా సరిపోయింది! కంప్యూటర్ మామూలుగా దశాంశ సంఖ్యలను దాచుకునే డబుల్ ప్రెసిషన్‌లో దాదాపు 16 అంకెలే నిలుస్తాయి. ఈ మ్యాట్రిక్స్ కండిషన్ నంబరేమో (చిన్న పొరపాటు జవాబులో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పే సంఖ్య) 10 టు ది పవర్ 16 దాకా ఉంటుంది. అంటే ఉన్న అంకెలన్నీ అక్కడే ఖర్చయిపోతాయి. సమీకరణంలో పెడితే సరిపోయింది కదా అని జవాబును నమ్మడం ఆ రోజుతో మానేశాను. ఫీజు మొత్తం ఈ ఒక్క కోర్సుకే కట్టినా నాకు బాధ ఉండేది కాదు.

మెజర్ థియరీ (పొడవు, వైశాల్యం లాంటి కొలతల వెనకున్న, ప్రూఫులతో నిండిన గణితం) జోలికి వెళ్లలేదు, తప్పనిసరి కాదు కాబట్టి. ఆఫీసు పని అయ్యాక ప్రూఫులు రాయడమంటే ఎలాగూ టెన్షనే.

ప్రాజెక్టులో ఒక పరికరం ఎంతసేపట్లో చల్లబడుతుందో లెక్కగట్టాలి. ముందు తేలికైన ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి పెట్టాం, అంటే ఇప్పటి ఉష్ణోగ్రతల నుంచి తర్వాతి క్షణం ఉష్ణోగ్రతలను నేరుగా లెక్కగట్టడం. అందులో ఒక తిరకాసు ఉంది: గ్రిడ్ దూరాన్ని (లెక్కగట్టే బిందువుల మధ్య దూరాన్ని) సగం చేస్తే, టైమ్ స్టెప్‌ను (ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయాన్ని) నాలుగో వంతుకు తగ్గించాలి. లేకపోతే ఉష్ణోగ్రతలు అడ్డూఅదుపూ లేకుండా ఎగిరిపోతాయి. తర్వాతి క్షణం ఉష్ణోగ్రతలన్నిటినీ కలిపి ఒకేసారి కనుక్కునే ఇంప్లిసిట్ పద్ధతికి మారాక ఆ బెడద పోయింది. ప్రతి స్టెప్‌లోనూ ఒక సమీకరణాల వ్యవస్థను సాల్వ్ చేయాలి నిజమే, కానీ మా మోడల్ ఒకే దిశలో ఉంది కాబట్టి అది ట్రైడయాగనల్, అంటే ఒక్కో సమీకరణంలో పక్కపక్కనున్న మూడు తెలియని విలువలకు మించి ఉండవు. చిటికెలో అయిపోతుంది.

చివరి ప్రెజెంటేషన్‌లో ఇంజనీర్లు పద్ధతి పేరు కూడా అడగలేదు. "ఈ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?" అన్నారు. గ్రిడ్‌ను రెండుసార్లు సన్నం చేసి తీసిన ఫలితాలు పక్కపక్కన చూపించి, మొదటి మూడు అంకెల వరకు అని చెప్పాను. అదీ మా మోడల్ వరకే, వాళ్లు ఇచ్చిన పదార్థ గుణాలు సరైనవైతేనే అని కూడా చెప్పాను. ఆ తర్వాత చర్చంతా ఆ గుణాలను ఎలా కొలిచారన్న దాని మీదే సాగింది.