ఛాయిస్‌లో వదిలేసిన టన్నెల్స్

బెంగళూరు మెట్రో పింక్ లైన్ డైరీ సర్కిల్ నుంచి నాగవార దాకా భూగర్భంలోనే వెళ్తుంది. ఆ పనిలో ఉన్నప్పుడు గుంటూరు కుర్రాడొకడు మా టీమ్‌లో చేరాడు. బీటెక్ సివిల్, మంచి మార్కులే. "అన్నా, మాకు టన్నెల్స్ రైల్వే సబ్జెక్టులో చివరి యూనిట్. ఛాయిస్‌లో వదిలేశా" అన్నాడు.

నవ్వొచ్చింది. అయినా ఇక్కడి నేల సంగతి ఏ యూనిట్‌లో చెప్తారు? సొరంగం తవ్వే మిషన్ ముందు తిరిగే చక్రం (కట్టర్‌హెడ్) ఎదుట కింద సగం గట్టి రాయి, పైన సగం మెత్తటి మట్టి. రాయికి దాన్ని పగలగొట్టే డిస్క్ కట్టర్లు అరిగిపోతుంటాయి, మట్టిని ఆపి ఉంచే ప్రెషర్ తగ్గితే పైన రోడ్డు కుంగుతుంది. రెండిటి టెన్షనూ ఒకేసారి!

ఆస్ట్రియాలో గ్రాజ్, లియోబెన్ యూనివర్సిటీలు కలిసి టన్నెల్స్ కోసమే పీజీ కోర్సు పెట్టాయి. మన దగ్గరేమో తెలిసినవాళ్లు దొరక్క, పక్క సైట్ వాళ్లని ఎక్కువ జీతమిచ్చి లాక్కోవడమే. (నా జేబుకి మంచిదే లెండి.) ఇక్కడా కోర్సులు పెట్టాలి, కాకపోతే సగం సెమిస్టర్లు షాఫ్ట్ (సొరంగంలోకి దిగే పెద్ద గొయ్యి) కిందే నడపాలి.