ఆడిట్ పేరాల దారిలో పాలిటీ: పర్లాకిమిడి నుంచి నా ప్రిపరేషన్

పాలిటీలో, అంటే రాజ్యాంగం, పాలన సబ్జెక్టులో అందరూ ఇష్టంగా చదివేవి ప్రాథమిక హక్కులు, రాష్ట్రపతి పాలన, ఫిరాయింపుల చట్టం. ప్రభుత్వ శాఖలపై చట్టసభల నియంత్రణ దగ్గరికి వచ్చేసరికి ఒక పట్టిక గీసి, చట్టసభ సంఘం (కమిటీ) పేరు, సభ్యుల సంఖ్య, ఏర్పడిన సంవత్సరం రాసుకుని పేజీ తిప్పేస్తారు. ప్రిలిమ్స్‌కు ఆ పట్టిక చాలు. మెయిన్స్‌లో అది మార్కులు తేదు. ఒడిశా సివిల్ సర్వీసెస్ మెయిన్స్ రాసి ఫలితం కోసం చూస్తున్న ఈ తీరిక రోజుల్లో, ఆ అధ్యాయాన్ని నేను చదివిన తీరు రాస్తున్నాను. ఒక కాలు ఒడిశా పరీక్షలో, మరో కాలు యూపీఎస్సీలో పెట్టిన సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఇది ఎక్కువగా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోచింగ్ పుస్తకాలు ఇంగ్లీషు. ఇది మన దురదృష్టమని వాపోయేవాళ్లు మా స్నేహితుల్లోనే ఉన్నారు. ఈ అధ్యాయం వరకు నాకు అది కలిసొచ్చింది. రెండు రాష్ట్రాల అసెంబ్లీ వార్తలూ రోజూ మన కళ్ల ముందే ఉంటాయి. ఒడిశాలో 147 మంది సభ్యులతో ఒకటే సభ. ఆంధ్రలో 175 మంది ఎమ్మెల్యేలకు తోడు 2007లో తిరిగొచ్చిన మండలి ఉంది. మరి ఖర్చును అదుపు చేయడంలో మండలి వల్ల అదనంగా ఒరిగేదేమిటి? పద్దుల మీద, అంటే శాఖలు అడిగే నిధుల మీద ఓటు మండలికి లేదు. ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. ఈ రెండు వాక్యాలూ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి కానీ, రెండు సభలను పక్కపక్కన పెట్టి చూసినవాడికి మళ్లీ చదవాల్సిన అవసరం రాదు.

ఉదాహరణలు కూడా మన చుట్టుపక్కలే దొరుకుతాయి. మంత్రివర్గ సమష్టి బాధ్యత అనగానే అందరూ హిందూ కోడ్ బిల్లు దగ్గర అంబేద్కర్ రాజీనామా రాస్తారు. నేను వి.వి.గిరి గురించి రాసేవాణ్ని. ఆయన బరంపురంలో పుట్టి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చడం నచ్చక 1954లో పదవి వదులుకున్నారు. వందలాది జవాబుల్లో ఒకే ఉదాహరణ చదివి విసిగిన పరీక్షకుడికి ఇది కాస్త కొత్తగా కనిపిస్తుంది.

ఇక అసలు పద్ధతి. సంఘాల వారీగా కాకుండా, ఒక శాఖను పట్టుకుని దాని డబ్బు వెంట ఏడాది పొడవునా నడవండి. నేను గిరిజన సంక్షేమ శాఖను ఎంచుకున్నాను. మా జిల్లాలోనూ రాయగడలోనూ ఏ దారిన వెళ్లినా ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు కనిపిస్తాయి. వాటిలో ఒక హాస్టల్ భవనం మంజూరైందనుకుందాం. ఆ డబ్బు 202వ అధికరణ కింద బడ్జెట్‌లో కనిపిస్తుంది, 203 కింద పద్దుగా సభ ముందుకు వస్తుంది, 204 కింద ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందితే తప్ప సంచిత నిధి నుంచి బయటికి రాదు. ఏడాది మధ్యలో చాలకపోతే 205 కింద అనుబంధ పద్దు. కేంద్రంలో ఇవే 112 నుంచి 115 వరకు. ఇలా కథగా నడిస్తే అధికరణల సంఖ్యలు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి.

పద్దుల దశలో సభ్యుడి చేతిలో ఉన్నది కోత తీర్మానం. విధానమే నచ్చకపోతే పద్దును 1 రూపాయికి తగ్గించమంటాడు, దుబారా అనుకుంటే ఫలానా మొత్తం తగ్గించమంటాడు, ఒక ప్రత్యేక ఫిర్యాదు వినిపించాలంటే 100 రూపాయలు కోయమంటాడు. అధికార పక్షానికి మెజారిటీ ఉన్నంత కాలం ఇవేవీ నెగ్గవు, నెగ్గితే ప్రభుత్వం నిలవదు. అందుకే దీన్ని ఆయుధం అని రాయకండి, మాట్లాడే అవకాశం అని రాయండి. పైగా ఆ అవకాశమూ చాలా శాఖలకు దక్కదు. గడువు ముగిసే రోజున చర్చకు రాని పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టేస్తారు. దాన్నే గిలెటిన్ అంటారు. వేల కోట్ల రూపాయలు ఒక్క మాట చర్చ లేకుండా ఆమోదం పొందడం ప్రజాస్వామ్యానికి వన్నె తెచ్చే పనేమీ కాదు. ఈ అభిప్రాయాన్ని మెయిన్స్ జవాబులోనూ మర్యాదగా రాయవచ్చు.

ప్రశ్నోత్తరాల దగ్గర కాస్త నిదానించండి. నక్షత్ర గుర్తు ఉంటే మౌఖిక జవాబు, అనుబంధ ప్రశ్నలు. లేకపోతే రాతపూర్వక జవాబు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 మామూలు ప్రశ్నలు. ఇక్కడితో ఆగిపోకుండా, సభ వెబ్‌సైటులో ఒక మామూలు ప్రశ్న జవాబును దించుకుని పూర్తిగా చదవండి. సభ్యుడు నాలుగు ముక్కలుగా అడుగుతాడు: ఎన్ని హాస్టళ్లు మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఆలస్యానికి కారణమేమిటి, బాధ్యులపై చర్య ఏమిటి. మొదటి రెండింటికీ చక్కటి పట్టిక వస్తుంది. మూడోదానికి ఒక పొడి వాక్యం. నాలుగోదాన్ని మూడోదానితో కలిపేసి దాటేస్తారు. కొన్నిసార్లు మొత్తం ప్రశ్నకూ ‘సమాచారం సేకరిస్తున్నాం, సభకు సమర్పిస్తాం’ అని రాస్తారు. తప్పించుకున్నట్టు కనిపించే ఈ వాక్యమే మంత్రిని కట్టిపడేస్తుంది. పార్లమెంటులో ఇది హామీ కింద నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల సంఘం అడుగుతుంది. 1953 నుంచి ఉన్న ఈ సంఘానికి గైడ్లలో రెండు లైన్లకు మించి చోటు దొరకదు. నా దృష్టిలో మిగతా చాలా సంఘాలకన్నా ఇది ఆసక్తికరమైనది.

ప్రశ్నకు ఎంత బలం ఉంటుందో చూపడానికి ముంద్రా వ్యవహారాన్ని మించినది లేదు. 1957లో, ఏర్పడి ఏడాదైనా నిండని ఎల్ఐసీ, వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లలో కోటి రూపాయలకు పైగా పెట్టింది. లోక్‌సభలో ప్రశ్నతో మొదలైన కూపీని ఫిరోజ్ గాంధీ వదలలేదు. ఆయనదీ అధికార పక్షమే. జస్టిస్ చాగ్లా విచారణ బహిరంగంగా జరిగింది. 1958లో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రశ్న, చర్చ, విచారణ, రాజీనామా: మంత్రుల బాధ్యత మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ వరుసను నాలుగు లైన్లలో రాయగలగాలి.

అయితే నేను ఎక్కువ సమయం పెట్టింది డబ్బు ఖర్చయ్యాక మొదలయ్యే భాగం మీద. వాయిదా తీర్మానాలు, అవిశ్వాస తీర్మానాలు టీవీలో వస్తాయి కాబట్టి వాటికే బరువు ఎక్కువనుకుంటాం. శాఖాధికారులకు నిజంగా చెమట పట్టించేవి ఆడిట్ పేరాలు, అంటే లెక్కల తనిఖీలో దొరికిన లోపాల మీద రాసే పేరాలు. ఈ మాట మా చిన్నాన్న నోటి నుంచి విన్నాను. ఆయన బ్లాకు ఆఫీసులో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యారు. మార్చి ఆఖరి వారంలో ట్రెజరీకి బిల్లుల కట్టలు ఎలా పోటెత్తుతాయో, ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రాలు ఏళ్ల తరబడి ఎందుకు రావో ఆయన ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాక, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక చదవడం నాకు కష్టం కాలేదు.

మీరూ రాష్ట్ర ఆర్థిక పరిస్థితిపై కాగ్ ఇచ్చే నివేదికలో ఒక్క పట్టిక చదవండి. అడ్డంగా ఐదు గడులు ఉంటాయి: అసలు కేటాయింపు, అనుబంధ కేటాయింపు, ఖర్చు, మిగులు, సరెండర్ చేసిన (వాడకుండా వెనక్కి ఇచ్చేసిన) మొత్తం. ఊహకు అంకెలు వేసుకుందాం. అసలు కేటాయింపు 100 కోట్లు, అనుబంధం 20 కోట్లు, ఖర్చు 85 కోట్లు. మొదట ఇచ్చిన 100 కోట్లే ఖర్చు కాలేదు. మరి అనుబంధ పద్దు పేరిట సభ ముందుకు మళ్లీ ఎందుకు వచ్చినట్టు? అనుబంధ కేటాయింపు అనవసరమని ఆడిటర్ రాసేది ఇలాంటి చోటే. మిగిలిన 35 కోట్లను మార్చి 31న సరెండర్ చేస్తే ఇంకో తప్పు, అప్పటికి ఆ డబ్బును మరో శాఖ వాడుకునే వ్యవధి ఉండదు. ఇక ఖర్చు కేటాయింపును మించితే పార్లమెంటులో ప్రజాపద్దుల సంఘం (పీఏసీ) పరిశీలించాకే అదనపు గ్రాంటు ఓటుకు వెళుతుంది. ఈ ఒక్క పట్టిక అర్థమైతే జవాబులో మూడు వాదనలు సొంతంగా పుడతాయి.

కాగ్ నివేదిక 151వ అధికరణ ప్రకారం రాష్ట్రపతికి, రాష్ట్రాల విషయంలో గవర్నర్‌కు చేరి, అక్కడి నుంచి చట్టసభకు వస్తుంది. దాన్ని చేతపట్టుకుని శాఖను నిలదీసేది ఈ పీఏసీయే. 1921 నాటిది. కేంద్రంలో లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7 మంది, మంత్రులకు చోటు లేదు, 1967 నుంచి ఆనవాయితీగా ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. పెళ్లయ్యాక ఖర్చుల పుస్తకం ముందేసుకుని కూర్చునే ఇంటి పెద్దలాంటిది ఈ సంఘం. పెళ్లిని ఆపలేదు, ఈ సంబంధం ఎందుకు చేశారని అడగదు, ఇచ్చిన డబ్బుకూ జరిగిన ఖర్చుకూ పొంతన ఉందా అని మాత్రమే అడుగుతుంది. సంఘం ముందు కూర్చునేది శాఖ కార్యదర్శి. పార్లమెంటు ఆర్థిక సంఘాలు మంత్రులను సాక్ష్యానికి పిలవవు. సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి, పార్టీ విప్ ఉండదు, కెమెరాలు లేవు కాబట్టి అరుపులూ తక్కువే. దాని బలహీనత కూడా అక్కడే రాయండి: సిఫారసులు సలహాలే, పరిశీలనకు వచ్చేసరికి ఏళ్లు గడిచి, ఖర్చు పెట్టిన అధికారి బదిలీ అయి ఉంటాడు.

2024 యూపీఎస్సీ మెయిన్స్‌లో కాగ్ బాధ్యత ఖర్చు చట్టబద్ధమా అని చూడటంతో ఆగదు, ఆ ఖర్చు సముచితమా అన్నది కూడా చూడాలి, వ్యాఖ్యానించండి అని అడిగారు. మన హాస్టల్ భవనాన్నే తీసుకోండి. టెండరు సక్రమం, బిల్లులు సక్రమం, కొలతల పుస్తకం సక్రమం. కానీ నీటి సౌకర్యం లేని చోట కట్టడం వల్ల పిల్లలు చేరలేదు. చట్టం ప్రకారం తప్పు దొరకదు, ఔచిత్యం ప్రకారం మొత్తం ఖర్చు వృథా. ఇంత చిన్న ఉదాహరణ చాలు, సిద్ధాంతం దంచాల్సిన పని లేదు.

2021లో శాఖల స్థాయీ సంఘాలు అధికార యంత్రాంగాన్ని అప్రమత్తంగా ఉంచుతున్నాయా అని అడిగారు. 1993లో 17తో మొదలై 2004లో 24 అయ్యాయి, ఒక్కోదానిలో 31 మంది. పద్దులను ఓటుకు ముందే పరిశీలిస్తాయి కనుక గిలెటిన్ వల్ల జరిగే నష్టాన్ని కొంత పూడుస్తాయి. రోజువారీ పాలన జోలికి వెళ్లవు. ఒడిశా శాసనసభలోనూ ఇలాంటి సంఘాలు ఉన్నాయి, రాష్ట్ర పరీక్షకు ఆ మాట తప్పక కలపండి. 2018లో అంచనాల సంఘం గురించి అడిగారు: 1950 నుంచి ఉంది, 30 మందీ లోక్‌సభ సభ్యులే, పొదుపు మార్గాలు చెబుతుంది. ప్రభుత్వ రంగ సంస్థల సంఘం 1964 నాటిదని గుర్తుంటే చాలు.

సమయం సంగతి చెబుతాను. ఈ అధ్యాయానికి రెండు వారాలు, రోజుకు గంటన్నర చాలు. రాష్ట్ర కాగ్ నివేదికలు కాగ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మొత్తం చదవకండి, మొదట్లో ఉండే సారాంశం, మీరు ఎంచుకున్న శాఖ పేరాలు, వాటి కింద ప్రభుత్వం ఇచ్చిన వివరణ చదవండి. ఆ వివరణ చాలా ముఖ్యం. ఎందుకంటే ఆడిటర్ మాటే వేదమన్నట్టు రాసిన జవాబు ఏకపక్షంగా ఉంటుంది. వానలు, భూసేకరణ, కేంద్రం వాటా ఆలస్యంగా రావడం లాంటి కారణాలు నిజంగానే ఉంటాయి, శాఖ పక్షం కూడా రెండు వాక్యాల్లో రాయాలి. సమావేశాలు నడిచే రోజుల్లో ఒడియా పత్రికలో అసెంబ్లీ పేజీ, తెలుగు పత్రికలో అమరావతి వార్తలు చూసి, ఒకే అంశంపై రెండు సభల్లో వచ్చిన ప్రశ్నలను ఒకే నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో రాసుకోండి. ఒడిశా మెయిన్స్‌కు ఒడియా పేపర్ కూడా ఉంటుంది కాబట్టి ఆ చదువు రెండు విధాలా కలిసొస్తుంది. ఇంటర్వ్యూలో మీ జిల్లా గురించి అడిగితే, మీ నియోజకవర్గ ఎమ్మెల్యే ఇటీవల సభలో ఏం అడిగారో చెప్పగలిగేలా ఉండండి. మా జిల్లాలో పర్లాకిమిడి, మోహన అని రెండే నియోజకవర్గాలు, కాబట్టి మాకు ఆ పని సులువు. గంజాం మిత్రులకు కాస్త ఎక్కువ చదవాల్సి వస్తుంది.